ఒకటి ఎరగని బోర్డు

పదీ పన్నెండుకి లాకర్లో కళ్లజోడు దొరికింది.

డిటెక్టివ్ దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశాడు. దళసరి అద్దాలు, ఎడమ కాడకి చుట్టిన తెల్ల టేపు. ఆ టేపు చుట్టింది చెల్లెలే, పోయిన నెల, తన కళ్లముందే. బావ ఈ యాపిల్ పండ్ల కోల్డ్ స్టోరేజీలో మెకానిక్కు. చల్లగదుల్లోకి వెళ్లివస్తుంటే అద్దాలకి ఆవిరి పట్టేస్తుందని, డ్యూటీ ఎక్కగానే కళ్లజోడు తీసి లాకర్లో పెట్టేస్తాడు. దగ్గర పనికి ఇబ్బంది లేదు గానీ, అది లేకపోతే పది అడుగుల అవతల ఉన్నది బస్సో భవనమో ఆయన చెప్పలేడు.

"మా బావ ఎనిమిదీ నలభైకి స్కూటర్ మీద గేటు దాటాడన్నావు కదూ?"

"అన్నాను. గేటు దగ్గర కాపలావాడు చూశాడు." సెక్యూరిటీ ఆఫీసరు తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాడు.

"మొహం చూశాడా?"

"హెల్మెట్ పెట్టుకున్నవాడి మొహం ఎలా చూస్తాడయ్యా?"

"కళ్లజోడు లేకుండా అంత ట్రాఫిక్‌లో బస్టాండు దాకా బండి నడిపాడా?"

"ఇంకో జత ఉందేమో."

"ఉంటే దీనికి టేపు చుట్టించుకుని ఎందుకు తిరుగుతాడు?"

ఆఫీసరు నవ్వాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో పోలీసు శిక్షణ పొందినవాళ్లు. ఏ కేసైనా ముందు టైము అడిగే అలవాటు చూసి, డిటెక్టివ్‌కి 'టైంటేబుల్' అని పేరు పెట్టి డిపార్ట్‌మెంటంతా ప్రచారం చేసింది ఈ మహానుభావుడే. ఆ తర్వాత ఇద్దరూ ఉద్యోగం మానేశారు. ఒకడు సొంతంగా జనం గొడవలు తవ్వుకుంటున్నాడు, ఇంకొకడు ఇక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకుని తాళాల గుత్తి తిప్పుతున్నాడు.

"చూడు టైంటేబులూ, ఇక్కడ కేసే లేదు. ఎనిమిదీ పన్నెండుకి మీ బావ ఏడో గదిలోకి వెళ్లాడు. తోడు ఇంకొకడు వెళ్లాడు. ఎనిమిదీ ముప్పై ఒకటికి గది ఖాళీ అని బోర్డు చెప్పింది. స్కూటర్ బస్టాండులో దొరికింది. సంసారం మీద విసుగొచ్చి బస్సెక్కి ఉంటాడు. సాయంత్రానికి బుద్ధొచ్చి దిగుతాడు."

"తోడు వెళ్లిందెవరు?"

"స్పేర్ కార్డు మీద వెళ్లాడు, ముప్పై ఒకటో నంబరు. స్పేర్ కార్డులు గేటు దగ్గర డబ్బాలో పడి ఉంటాయి, రోజుకూలీకి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు తీసుకుంటారు. ఎవడని చెప్పను?"

డిటెక్టివ్ అదీ రాసుకున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎంతోమందిని వెతికాడు. కానీ అప్పుడు వెతికిన వాళ్లలో ఎవరూ సొంత చెల్లెలి మొగుడు కారు.

గేటు ఆఫీసు ముందు బెంచీ మీద చెల్లెలు కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచీ, మెళ్లో వేలాడుతున్న 'విజిటర్ 2' కార్డు. అన్న చేతిలో కళ్లజోడు చూడగానే లేచి నిలబడింది.

"అన్నయ్యా, ఇది లేకుండా ఆయన మెట్లు కూడా దిగరు."

"తెలుసమ్మా."

"పక్క వీధికి వెళ్లినా ఫోన్ చేసి చెప్పి నా ప్రాణం తీసే మనిషి, ఇవాళ ఫోనే అందడం లేదు. బస్సెక్కి పోయారంటారేంటి వీళ్లు?" అని, గొంతు తగ్గించి సంచీలోంచి నీలంరంగు నోట్‌బుక్ అంచు చూపించింది. "రాత్రి ఇది ఇంట్లో మర్చిపోకుండా తీసి పెట్టమన్నారు. ఇవాళ పన్నెండింటికి తనిఖీవాళ్లు వస్తారట, వాళ్లకి ఇస్తానన్నారు. పొద్దున హడావుడిలో వదిలేసి వచ్చేశారు, ఇద్దామని వస్తేనే కదా ఈ సంగతి తెలిసింది. ఇందాక సెక్యూరిటీ ఆయన జాగ్రత్త చేస్తానని అడిగారు. మా అన్నయ్యకే ఇస్తానన్నాను."

డిటెక్టివ్ చివరి పేజీ తిప్పి చూశాడు. బావ కోడిగీతల దస్తూరీ. '4, 7 గదులకి లోపలి హ్యాండిల్ పనిచేయదు. మూడోసారి చెప్పాను.'

ముందు పేజీలు తిప్పే ఓపిక లేకపోయింది. లోపలి హ్యాండిల్ పనిచేయని గది అంటే లోపలివాడు తనంతట తాను బయటికి రాలేని గది. బావ వెళ్లింది అలాంటి ఏడో గదిలోకే.

"నీ దగ్గరే ఉంచు. నాకు తప్ప ఎవరికీ ఇవ్వకు. ఇక్కణ్నుంచి కదలకు," అని చెప్పి పరుగులాంటి నడకతో కంట్రోల్ రూమ్ వైపు వెళ్లాడు.

కంట్రోల్ రూమ్ గడియారంలో పదీ ఇరవై. దాని కింద అందరూ బోర్డు అనే పెద్ద తెర, తెర మీద పన్నెండు గళ్లు, గదికొకటి. ఏడో గడిలో రెండు వివరాలున్నాయి. లోపల ఉన్నవారు: 0. ఆక్సిజన్: 13.5.

తెర ముందు పాతికేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. ఆ బోర్డు ప్రోగ్రామ్ రాసిందీ ఆమే, వేరే మనిషిని పెట్టే ఉద్దేశం కంపెనీకి లేదు కాబట్టి దాని ముందు కూర్చునేదీ ఆమే. పక్కన మేనేజరు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

"ఈ ఆక్సిజన్ ఏంటి మేనేజరుగారూ?"

"బయట గాలిలో నూటికి ఇరవై ఒకటి ఉంటుంది సార్. గదిలో రెండుకి దించితే యాపిల్ నిద్రపోతుంది, ఆరునెలలైనా చెక్కుచెదరదు. ఏడో గదికి పొద్దున ఎనిమిదీ యాభైకి ఆక్సిజన్ దించే మెషీన్ పెట్టాం. లోపల ఎవరూ లేరని పావుగంట పైగా బోర్డు చూపిస్తేనే దాని బటన్ పచ్చగా మారుతుంది. లేకపోతే నొక్కినా పలకదు."

"ఎంత వేగంగా దిగుతుంది?"

"పన్నెండు నిమిషాలకి ఒక పాయింటు."

"లోపల మనిషి ఉంటే?"

మేనేజరు రుమాలు మడిచాడు. "పది దగ్గర స్పృహ పోతుంది సార్. ఎనిమిది దాకా వెళ్తే ఇంక... అయినా లోపల ఎవరూ లేరు కదా!"

డిటెక్టివ్ లెక్క వేశాడు. మూడున్నర పాయింట్లు, నలభై రెండు నిమిషాలు. పదకొండూ రెండు. తన నోట్‌బుక్‌లో ఆ టైము రాసి చుట్టూ గీత గీశాడు.

"మెషీన్ ఆపండి. తలుపు తెరవండి."

"అలా ఎలా సార్? గదినిండా సరుకు. మళ్లీ మొదట్నుంచీ దించాలి. సీలు వేసిన తలుపు తెరవాలంటే రెండు తాళాలు తిప్పాలి, నాదొకటి, సెక్యూరిటీ వారిదొకటి. ఓనరుగారికి ఏం చెప్పను?"

"లోపలి హ్యాండిల్స్ అన్నీ పనిచేస్తున్నాయని సర్టిఫికెట్ ఎవరిచ్చారు?"

"అది... సేఫ్టీ ఫైల్లో ఉంటుంది సార్. పన్నెండింటికి తనిఖీవాళ్లు వస్తున్నారు, అప్పుడు అన్నీ..." మేనేజరు చూపు ఎటో పోయింది.

డిటెక్టివ్ ఆ చూపుని గుర్తు పెట్టుకున్నాడు. అబద్ధం సర్టిఫికెట్ ఇచ్చినవాడికి బావ నోరు పెద్ద ప్రమాదం. ఇంత చెమట పట్టడానికి కారణం అదేనా?

"ఎవరు తెరవమన్నా నేను తాళం ఇవ్వను," అన్నాడు తనతోపాటే వచ్చి వెనక నిలబడ్డ సెక్యూరిటీ ఆఫీసరు. "లోపల సున్నా అని బోర్డు చెప్తోంది. మనుషులు అబద్ధమాడతారు, మెషీన్ ఆడదు. పోలీసులు వచ్చి అడిగితే అప్పుడు చూద్దాం."

"పోలీసులు సాయంత్రం దాకా ఆగమన్నారు."

"మరి ఆగు."

డిటెక్టివ్‌కి ఒళ్లు మండిపోయింది. కొట్టాలనిపించింది. కానీ కొడితే తాళం రాదు, నలభై నిమిషాల్లో ఐదు నిమిషాలు పోతాయి. ఇక్కడ ఉన్న సాక్షి ఒక్కటే, ఆ బోర్డు. దాన్నే అడ్డుప్రశ్నలు వేయాలి.

"అమ్మా, ఈ బోర్డు చెప్పింది ఎక్కడైనా రాసిపెడతారా?"

అమ్మాయి రిజిస్టర్ ముందుకి జరిపింది. "ఏ గదిలో అంకె మారినా నేను చేత్తో రాస్తాను సార్. రూలు."

పొందికైన దస్తూరీ. ఏడో గది, 8.12, ఇద్దరు. 8.31, ఖాళీ. 8.50, మెషీన్ ఆన్. డిటెక్టివ్ ఆ మూడు లైన్లూ చదివి పైలైన్లు చదివాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. నిన్నటిది, మొన్నటిది, పోయిన వారంది. పేజీలు తిప్పడం ఆపి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఇంకా ఎంతసేపు కథల పుస్తకం?" అన్నాడు ఆఫీసరు.

"గదిలోంచి బయటికి రావాలంటే ఎంతసేపు పడుతుందమ్మా?"

"రెండు తలుపులు సార్, మధ్యలో చిన్న అర. ఒకసారికి ఒక్కరే పడతారు. హ్యాండిల్ తిప్పి లోపలి తలుపు తీసుకుని అరలోకి వచ్చి కార్డు చూపిస్తే, ఆ తలుపు మూసుకున్నాక రెండోది తెరుచుకుంటుంది. మనిషికి నిమిషం పైనే."

"బోర్డు ఎంతసేపటికోసారి మారుతుంది?"

"ముప్పై సెకన్లకి."

"అయితే ఇద్దరు లోపలుండి ఒకడు బయటికొస్తే, రెండోవాడు వచ్చేలోపు కనీసం రెండుసార్లయినా బోర్డు మీద ఒకటి కనిపించాలి కదా?"

అమ్మాయి రిజిస్టర్ మీదికి వంగింది.

"ఈ రిజిస్టర్లో నాలుగు ఉంది, మూడు ఉంది, రెండు ఉంది. తర్వాత సున్నా. ఒకటి ఎక్కడమ్మా? ఇన్ని పేజీల్లో ఒక్కచోటైనా ఒకటి రాశావా?"

పదీ ముప్పై ఒకటి. ఆక్సిజన్ 12.6.

అమ్మాయి రిజిస్టర్ లాక్కుని గబగబా తిప్పింది. రెండేళ్ల నుంచీ ఆ అంకెలు రాస్తున్న చెయ్యి ఆమెదే. చూసీ చూడని చూపు అంటారే, అలా చూసింది ఇన్నాళ్లూ. "ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదని రూలు సార్. జంటగానే వెళ్తారు. అందుకే ఒకటి రాకపోయినా... నాకెప్పుడూ తట్టలేదు."

"ఈ బోర్డుకి సమాచారం ఎక్కణ్నుంచి వస్తుంది?"

"తలుపుల దగ్గరి కార్డుల లెక్క సర్వర్లో ఉంటుంది. ఈ పేజీ ప్రతి ముప్పై సెకన్లకీ ఫలానా గదిలో ఎవరున్నారని సర్వర్‌ని అడుగుతుంది. అడిగి అక్కడే నిలబడదు, తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. జవాబు వచ్చినప్పుడు అందుకుంటుంది. ఆ జవాబు హెచ్‌టీఎంఎల్ ముక్కలా వస్తుంది సార్, అంటే సగం పేజీలాగా. అందులోంచి మనుషుల లైన్లు మాత్రం ఏరి, లెక్కపెట్టి, బోర్డు మీద వేస్తుంది నా స్క్రిప్ట్, అదే నేను రాసిన ప్రోగ్రామ్."

"ఏరకముందు వచ్చిన జవాబు ఉన్నది ఉన్నట్టు చూపించగలవా?"

"చూపిస్తాను." ఆమె వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తాయి. నాలుగు లైన్లు రాసి ఎంటర్ కొట్టింది.

తెర మీద ఏమీ లేదు. తెల్లగా, ఖాళీగా ఉంది.

అంతేనా? బావ లోపల లేడా? మరి ఎక్కడున్నాడు?

"అయిందా సరదా?" ఆఫీసరు ముందుకొచ్చి కంప్యూటర్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. "పొద్దుట్నుంచీ నడిచి వేడెక్కిపోయింది. ఆపి మళ్లీ పెట్టు, అన్నీ సర్దుకుంటాయి."

డిటెక్టివ్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి తియ్యి."

"వదులు."

"నువ్వు తీస్తే నేను వదుల్తాను. అమ్మా, ఆ ఖాళీ ఏంటి?"

"తొందరపడ్డాను సార్!" అమ్మాయి దాదాపు ఏడుస్తోంది. "అడిగాను, జవాబు రాకముందే చూసేశాను. ఇంకా రాందే చూస్తే ఖాళీయే కదా. వచ్చేదాకా ఆగమని చెప్పాలి దానికి. ఒక్క నిమిషం."

ఆమె ఇంకో లైను రాసింది. తెర మీద చిన్న గుండ్రం తిరగడం మొదలైంది. సర్వర్ ఏ మూల కునుకు తీస్తోందో గానీ అది తిరుగుతూనే ఉంది. ఐదు సెకన్లు. ఎనిమిది. పదకొండో సెకనులో ఒక్క లైను ప్రత్యక్షమైంది.

గది 7. కార్డు 19. లోపలికి 8.12.

పంతొమ్మిది బావ కార్డు.

అమ్మాయి కేకేసి ఎర్ర బటన్ నొక్కింది. గోడ అవతల ఎక్కడో మెషీన్ మూలుగుతూ ఆగిపోయింది. పదీ ముప్పై ఎనిమిది. ఆక్సిజన్ 12.0 దగ్గర నిలిచింది.

"లోపల ఒకరున్నారు! ఉన్నారు సార్! నా స్క్రిప్ట్... నేనే..." ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడుపు తర్వాత. నాకు అర్థమయ్యేలా చెప్పు."

"ఇద్దరో ముగ్గురో ఉంటే సర్వర్ వాళ్ల లైన్లన్నీ ఒక జాబితాలో పెట్టి పంపుతుంది సార్, పెట్టెలో యాపిల్స్ పెట్టి పంపినట్టు. వచ్చినదాన్ని తెరిచి లోపల యాపిల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమని నా స్క్రిప్ట్‌కి చెప్పాను. ఒక్కరే ఉంటే సర్వర్ పెట్టె పెట్టదు. వట్టి యాపిల్ చేతికిస్తుంది. నా స్క్రిప్ట్ ఆ యాపిల్‌నే కోసి లోపల ఇంకా యాపిల్స్ ఉన్నాయేమోనని వెతుకుతుంది. లేవు కాబట్టి సున్నా అంటుంది. చేతిలో ఉన్నదాన్ని చూడదు! పరీక్షించినప్పుడు రూలు ప్రకారం ఇద్దర్నే పెట్టి చూశాను. ఒక్కర్ని పెట్టి చూడాలని తోచలేదు."

"ఈ సంగతి నీకు ఎవరూ చెప్పలేదా?"

"నా దాకా ఏ ఫిర్యాదూ రాలేదు సార్."

"అయితే ఇవాళ ఎవడికో తెలుసు," అన్నాడు డిటెక్టివ్. "ఇద్దరుగా వెళ్లి ఒకడు బయటికొస్తే, లోపలున్నవాడు బోర్డుకి కనపడడని తెలిసినవాడు. ముప్పై ఒకటో నంబరు కార్డువాడు. బావ హెల్మెట్ పెట్టుకుని బావ స్కూటర్ నడిపినవాడు." అంటూ మేనేజరు వైపు తిరిగాడు. "ఎనిమిదీ ముప్పై ఒకటికి మీరెక్కడున్నారు?"

"నా గదిలోనే సార్. ఒక్కణ్నే ఉన్నాను. నా బిడ్డల మీద ఒట్టు..."

"ఒట్లు తర్వాత పెట్టుకుందురు గాని. తాళం తీయండి."

సెక్యూరిటీ ఆఫీసరు మొహంలో వెటకారం పోయింది. తెర మీది ఆ ఒక్క లైనునే చూస్తూ, "ఈ తప్పు బాగుచేయడానికి ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"రెండు రోజులైనా పడుతుంది సార్." ఆ వృత్తిలో ఉన్నవాళ్లు ఏదడిగినా చెప్పే మాటే అది.

ఆఫీసరు తల పంకించి, గుత్తిలోంచి ఏడో గది తాళంచెవి ఒక్కటీ విడదీసి డిటెక్టివ్ చేతిలో పెట్టాడు. "నా తప్పే. బోర్డుని నమ్మి నిన్ను ఆపాను. నువ్వు బావని చూసుకో. పాపం పొద్దుట్నుంచీ ఆ బెంచీ మీదే ఉంది చెల్లెమ్మ. నేను వెళ్లి చెప్తాను."

ఇన్నేళ్లలో ఆ నోటి నుంచి మెత్తటి మాట వినడం అదే మొదలు. ఇంతసేపూ మనసులో తిట్టుకున్నందుకు డిటెక్టివ్‌కి సిగ్గేసింది. "వెళ్లు. భయపడొద్దని చెప్పు," అన్నాడు. అని, మేనేజర్ని రెక్క పట్టుకుని లాక్కుంటూ బయటికి ఉరికాడు.

కారిడార్ పొడుగునా ఆరుగదులు ఇటు, ఆరుగదులు అటు. ఏడు అన్నిటికన్నా చివర. తలుపు పక్కన గోడకి ఎర్ర ఇనుప చక్రం ఉంది. డిటెక్టివ్ ఆసరాకి దాన్ని పట్టుకోబోతే మేనేజరు గావుకేక పెట్టాడు.

"అది ముట్టుకోకండి సార్! మెషీన్ చెడిపోతే వాడే చక్రం అది, గదికొకటి ఉంటుంది. తిప్పితే సిలిండర్లలోంచి నైట్రోజన్ నేరుగా లోపలికి కొడుతుంది. బోర్డుతో, బటన్‌తో పనిలేదు. నిమిషాల్లో అయిపోతుంది."

రెండు తాళాలూ తిరిగాయి. బయటి తలుపు, అర దాటాక జానెడు మందం లోపలి తలుపు బరువుగా కదిలాయి. చలి మొహాన కొట్టింది.

"లోపలికెళ్లకండి, గాలి రానివ్వండి!" అని మేనేజరు అరుస్తూనే ఉన్నాడు. డిటెక్టివ్ ఊపిరి బిగబట్టి దూరిపోయాడు. కొండల్లా పేర్చిన పెట్టెల మధ్య సన్నటి సందు. సందు చివర లేడు. వెనక్కి తిరిగి తలుపు వైపు చూస్తే, ఆ హ్యాండిల్ కిందే, గోడకి చేరగిలబడి బావ ఉన్నాడు. కుడిచేతి వేళ్ల కణుపులు చిట్లి నెత్తురు గడ్డకట్టింది. తలుపు మీద ఛాతీ ఎత్తున ఎర్రటి మరకలు. రెండు గంటల పైగా బాదాడు, జానెడు మందం అవతల ఎవరికీ వినపడలేదు.

చంకల్లో చేతులు వేసి బయటికి ఈడ్చాడు. కారిడార్లో పడుకోబెట్టి చెంపలు తట్టాడు. "బావా! బావా, నేను. కళ్లు తెరువు."

మెడ దగ్గర నాడి కొట్టుకుంటోంది. సన్నగా కొట్టుకుంటోంది గానీ కొట్టుకుంటోంది. డిటెక్టివ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. జేబులోంచి కళ్లజోడు తీసి ఆ మొహానికి పెట్టాడు. పదీ నలభై తొమ్మిది.

బావ కళ్లు సగం తెరుచుకున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి.

"బోర్డు... ఒకటి చూపించదు... పోయిన వారమే చూశాను... చెప్పాను."

"ఎవరికి చెప్పావు?"

"హ్యాండిల్ చూపించమని... తనే వచ్చాడు... తోడుగా... తలుపుకి అడ్డం పెట్టిన చెక్క... తీసేసి పోయాడు." గొంతు ఆగిపోయింది. మళ్లీ కళ్లు మూతపడ్డాయి.

డిటెక్టివ్ మేనేజరు చొక్కా పట్టుకున్నాడు. "నీకే కదూ చెప్పాడు? సర్టిఫికెట్ ఇచ్చింది నువ్వే కదూ?"

"నేను కాదు సార్!" మేనేజరు బావురుమన్నాడు. "సేఫ్టీ నా చేతిలో లేదు. హ్యాండిల్స్ సర్టిఫికెట్ మీద సంతకం సెక్యూరిటీ వారిది. ఆయన ముందు ఆయన పేరు చెప్పలేక నోరు మూసుకున్నాను. ఫిర్యాదులన్నీ వెళ్లేదీ ఆయన దగ్గరికే. స్పేర్ కార్డులు కూడా ఆయన బీరువాలోనే ఉంటాయి."

"గేటు దగ్గర డబ్బాలో కాదూ?"

"గేటు దగ్గర డబ్బా లేదు సార్."

డిటెక్టివ్ చేతులు చొక్కా వదిలేశాయి. అదే క్షణంలో మేనేజరు ఫోను మోగింది. కంట్రోల్ రూమ్. స్పీకర్లోంచి అమ్మాయి గొంతు ఉత్సాహంగా, వగరుస్తూ వచ్చింది.

"సార్, రెండు రోజులన్నాను గానీ ఒక్క లైనుతో అయిపోయింది! పెట్టెలోపలే కాకుండా చేతికొచ్చినదాన్ని కూడా చూడమన్నాను. ఇప్పుడు బోర్డు ఒకటిని పట్టుకుంటోంది. ఏడో గదిలో ఒకటి చూపిస్తోంది, కార్డు కొట్టకుండా తీసుకొచ్చారు కదా, అది మీ బావగారే. కానీ సార్... నాలుగో గదిలో కూడా ఒకటి ఉంది."

నాలుగు. లోపలి హ్యాండిల్ పనిచేయని రెండో గది.

"సరుకు దించడానికని నిన్నట్నుంచీ తెరిచే ఉంచాం," అన్నాడు మేనేజరు. "ఇవాళ అక్కడ ఎవరికీ పని లేదు."

"కార్డు నంబరెంత అమ్మా?"

"నంబరు కాదు సార్. విజిటర్ రెండు అని ఉంది. తలుపు ఇప్పుడే మూసుకుంది."

డిటెక్టివ్ తన మెళ్లో కార్డు వైపు చూసుకున్నాడు. విజిటర్ 1.

నీలంరంగు నోట్‌బుక్ ఆమె సంచీలో ఉంది. 'చెల్లెమ్మకి నేను వెళ్లి చెప్తాను' అన్నవాడు గుత్తి ఇవ్వకుండా ఒక్క చెవే తీసి ఇచ్చాడు. మీ ఆయన దొరికాడు రమ్మని ఉంటాడు. ఆమె ముందూ వెనకా చూడకుండా పరిగెత్తి ఉంటుంది. తలుపు దగ్గర కార్డు చూపించమంటే చూపించి ఉంటుంది. ఒంటరి మనిషి ఆ బోర్డుకి ఇంకా కనపడదనే వాడి ధైర్యం.

"వెళ్లు" అన్నది తనే. 'భయపడొద్దని చెప్పు' అని పంపించింది తనే.

"అక్కడ ఆక్సిజన్ ఎంత?" అప్పటికే పరిగెత్తుతున్నాడు. వెనక మేనేజరు, ఒకచేత్తో తన తాళం, ఇంకోచేత్తో ఫోను. రెండో తాళం లేదు, అది వాడి గుత్తిలోనే ఉంది.

"ఇరవై ఒకటి ఉండాలి సార్, మెషీన్ నేను పెట్టలేదు..." అమ్మాయి గొంతు తెగిపోయి మళ్లీ వచ్చింది. "పంతొమ్మిది చూపిస్తోంది. ఎర్ర చక్రం తిప్పారు సార్! ఇప్పుడు పదిహేడు!"

రెండేళ్లుగా ఆ బోర్డు మీద ఎన్నడూ రాని ఒకటి ఇవాళ వచ్చింది. ఆ ఒకటి తన చెల్లెలు.

"పదిహేను," అంది ఫోను.